రెండో ఇంటి వాటా

పెద్దాయన గిచూకి పోయిన మూడో రోజున అంత్యక్రియల కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు పెద్ద కొడుకు ముతాహి, కోశాధికారి చిన్న కొడుకు కింగోరి. తండ్రి ఇంకా మార్చురీలోనే ఉన్నాడు. కొడుకులిద్దరూ గుడారాలెన్ని, కుర్చీలెన్ని, మైకు ఎక్కణ్ణుంచి తెప్పించాలి అని తెగ మల్లగుల్లాలు పడుతున్నారు. అంతకుముందు నెల పక్క కొండ మీది వాళ్లు తమ తండ్రిని పాతిపెట్టినప్పుడు కౌంటీ మంత్రి వచ్చాడట. ఆ మాట ముతాహికి మింగుడుపడటం లేదు. తండ్రి పోయాడన్న బాధ కంటే తమ ఇంటికి మంత్రి రాడేమోనన్న బెంగే అతన్ని ఎక్కువగా తినేస్తోందని, ఆ మొహం చూడగానే న్యాగుథీకి తెలిసిపోయింది.

న్యాగుథీ కూడా గిచూకి కూతురే, కాకపోతే రెండో ఇంటి కూతురు. మొదటి భార్య మంచాన పడ్డాక గిచూకి వారుగురుని చేసుకున్నాడు. పిల్ల ఇంటికి ఓలిగా మేకలు తోలి, ఆచారం ప్రకారం పొట్టేలు భుజం కోసి, పెద్దల ముందు చేసుకున్న పెళ్లి అది. ఆ రోజుల్లో దానికి కాగితం ఎవరూ రాయలేదు, ఎవరూ అడగలేదు. రెండేళ్లకి మొదటి ఆవిడ పోయింది. అప్పటికి ముతాహికి తొమ్మిదేళ్లు, కింగోరికి ఐదు. వాళ్లిద్దరి ముక్కులు తుడిచింది వారుగురు. కింగోరికి తట్టు పోస్తే వీపున కట్టుకుని ఆస్పత్రికి నడిచింది. బడికి వెళ్లనని ముతాహి మొండికేస్తే గేటు దాకా తీసుకెళ్లి, గంట కొట్టేదాకా అక్కడే గట్టు మీద కూర్చునేదట. తన కడుపున పుట్టినదానికంటే ముందు వాళ్లకి పెట్టేది. పెద్దవాళ్లయ్యాక ఆ ఘనులు ఈ తల్లీకూతుళ్లని తలుచుకునేది ఎవరికైనా ఆస్పత్రిలో మంచం కావలసినప్పుడే. న్యాగుథీ పెద్దాస్పత్రిలో ప్రసూతి వార్డు మేట్రన్.

అలాంటి ముతాహి ఆ రోజు ఆమె కోసం కుర్చీ తుడిచి ముందు వరసలో వేశాడు. ఆస్పత్రి బస్సు ఇస్తారా, నర్సులు తెల్లబట్టల్లో నిలబడి పాడతారా అని అడిగాడు. మంత్రి రాకపోతే కనీసం మేట్రన్ అయినా కనబడాలి గదా. ఆ తర్వాత వీడ్కోలు పుస్తకం సంగతి వచ్చింది. చచ్చినవాడి జీవిత చరిత్ర రంగుల్లో అచ్చేయకుండా ఆ కొండల్లో ఎవరినీ పాతిపెట్టరు. ఎవరికి పుట్టాడు, ఎవరిని చేసుకున్నాడు, ఎవరిని కన్నాడు, వాళ్లలో ఎవరు ఏ ఉద్యోగం వెలగబెడుతున్నారు, అన్నీ అందులో ఉండాలి. పక్క కొండ వాళ్ల పుస్తకం పన్నెండు పేజీలు. ముతాహి పదహారు వేయించాడు, ఆరు వందల ప్రతులు. నాలుగో పేజీ నిండా కుటుంబమే. ప్రియ భార్య వారుగురు, ప్రియ పుత్రిక మేట్రన్ న్యాగుథీ అని లావు అక్షరాల్లో వేయించి, పక్కన వారుగురు భుజం మీద తను చెయ్యి వేసి నిలబడ్డ ఫొటో పెట్టించాడు. ఆ చెయ్యి అక్కడ పడింది ఫొటో కోసమే. ఫొటోగ్రాఫరు సరేననగానే అది తిరిగి జేబులోకి వెళ్లిపోవడం న్యాగుథీ చూసింది.

అంత్యక్రియల రోజున ఆ పేజీని ముతాహే మైకులో చదివాడు. పక్క కొండకి వినబడాలన్నట్టు చదివాడు. సర్కారు నియమించిన ఊరి పెద్ద, చీఫ్, రెండో వరసలో కూర్చుని, అదే పుస్తకంతో విసురుకుంటూ విన్నాడు. తన వంతు రాగానే లేచి, ఇద్దరు తల్లుల బిడ్డలూ కలిసిమెలిసి ఉండాలని హితబోధ కూడా చేశాడు. నర్సులు పాడారు, ఆడవాళ్లు ఏడ్చారు. మంత్రి మాత్రం తన బదులు ఎవరో గుమాస్తాని పంపి చేతులు దులుపుకున్నాడు.

గిచూకి వెనక మిగిలింది ఆరెకరాల టీ తోట. అందులో రోడ్డు పక్కన మూల ఎకరంలో ఒక చెక్క ఇల్లు, కూరగాయల మడి, వారుగురు తన చేతులతో నాటిన టీ మొక్కలు. ఆవిడ బతుకంతా ఆ ఎకరమే. ఇది నీదే అని పెద్దాయన ఆవిడతో ముప్ఫై ఏళ్లు చెప్పాడు. ఆవు వింటుండగా చెప్పాడు, టీ మొక్కలు వింటుండగా చెప్పాడు. ఇద్దరు మనుషులు వింటుండగా మాత్రం ఒక్కనాడూ చెప్పలేదు. మొదటిసారి పక్షవాతం వచ్చి కోలుకున్నప్పుడు న్యాగుథీ ఆయన పక్కన కూర్చుని నచ్చజెప్పింది. లాయరుని పిలిచి వీలునామా రాయించు, ఆస్తితో సంబంధం లేని ఇద్దరి చేత సాక్షి సంతకాలు పెట్టించు, ఒక్క పూట పని అంది. ఆయన అదోలా చూశాడు.

"ఏం పిల్లా, నా శవపెట్టెకి కొలతలు తీసుకుంటున్నావా?" అన్నాడు.

చావు గురించి రాస్తే చావొచ్చి గుమ్మంలో కూర్చుంటుందని ఆయన నమ్మకం. రాయకపోయినా వచ్చింది. ఆయన పోయాక దిండు కింద ఒక నోటు పుస్తకం దొరికింది. నేను, గిచూకి, బుద్ధి స్థిమితంగా ఉండి రాయునది ఏమనగా అని మొదలుపెట్టి అక్కడే ఆపేశాడు. ఆ ఏమనగా తర్వాత పేజీలన్నీ ఖాళీ. చర్చి పెద్ద, ఊళ్లో అందరి గట్టు తగాదాలూ తీర్చిన మనిషి, సొంత పెళ్లానికి నాలుగు ముక్కలు రాయడానికి భయపడి పోయాడు. న్యాగుథీకి తండ్రి మీద ప్రేమ ఉండేది గానీ, ఆ నోటు పుస్తకం చూశాక గౌరవం మిగల్లేదు.

ఇక ముతాహి తెలివి చెప్పుకోవాలి. పక్షవాతం వచ్చాక బ్యాంకు పనులు చూడటానికి పెద్దాయన అతని పేర పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చాడు. ఆ కాగితం చేతికొచ్చిన దగ్గర్నుంచి ముతాహి కళ్లు నెత్తికెక్కాయి. సమాధి మీద పూలు వాడకముందే దాన్ని జేబులో పెట్టుకుని బ్యాంకుకి వెళ్లాడు. కౌంటర్లో అమ్మాయి సానుభూతి చెప్పి, ఇచ్చిన మనిషి పోతే ఆ పవర్ కూడా ఆయనతోనే పోతుందండీ, కోర్టు నుంచి వారసత్వ పత్రం తెచ్చుకోండి అంది. మా నాన్న పోయాడు గానీ ఆయన సంతకం పోలేదు కదా అని ముతాహి బ్యాంకంతా వినబడేలా వాదించాడట. ఆ అమ్మాయి అక్క న్యాగుథీ వార్డులోనే నర్సు. వారం రోజులు ఆస్పత్రిలో ఎవరు ఎవరికి కనబడినా ఇదే మాట అనుకుని నవ్వుకున్నారు.

న్యాగుథీ నవ్వలేదు. ఊపిరి ఆగబోతున్న మనిషి బొటనవేలికి సిరా పూస్తున్న కొడుకుల్ని, ప్రసూతి వార్డుకి రాకముందు పనిచేసిన వార్డుల్లోంచి ఆమె ఎంతోమందిని తరిమింది. ఈ జాతి మనుషులు ఒక తలుపు మూస్తే సిగ్గుపడి ఇంటికి పోరు, ఇంకో తలుపు వెతుక్కుంటారు.

అనుకున్నట్టే అయింది. ఒక ఉదయం సర్వేయరు వచ్చి వారుగురు కూరగాయల మడి మధ్య ఎర్రరంగు కొయ్యలు పాతి వెళ్లాడు. ముసలావిడ కూతురికి ఫోన్ చేసి, ఎవరో దారి తప్పి వచ్చినట్టున్నారు, ముతాహికి చెబుతాలే, వాడు చూసుకుంటాడు అంది. తల్లి అమాయకత్వానికి న్యాగుథీకి ఒళ్లు మండింది. సెలవు పెట్టి నేరుగా కోర్టు రిజిస్ట్రీకి వెళ్లి ఫైలు తీయించింది. వీలునామా లేకుండా పోయినవాడి ఆస్తి పంచాలంటే ముందు ఊరి చీఫ్ ఉత్తరం రాయాలి. వెనక ఎవరెవరు మిగిలారో అందులో చెప్పాలి. ఫైల్లో ఆ ఉత్తరం ఉంది, స్టాంపుతో సహా. భార్య కీర్తిశేషురాలు. సంతానం ఇద్దరు, ముతాహి, కింగోరి. అభ్యంతరాలు చెప్పుకోవడానికి గెజిట్లో ఇచ్చిన గడువు ముప్ఫై రోజులు. అందులో ఇంకా తొమ్మిదే ఉన్నాయి.

అక్కణ్ణుంచి ఆమె ముతాహి ఇంటికి వెళ్లింది. అతను కాస్తయినా తడబడలేదు. చెల్లికి లోకం తెలియదన్నట్టు మెత్తగా మొదలుపెట్టాడు.

"చూడు చెల్లీ, పేర్లు ఎక్కువైతే కేసు ఏళ్లతరబడి సాగుతుంది. నా పేరున ఉంటే మనందరి పేరునా ఉన్నట్టే. దాన్నే ట్రస్టు అంటారు."

"ట్రస్టుకి కాగితం ఉంటుంది అన్నయ్యా. ఎవరి కోసం ఉంచుతున్నావో వాళ్ల పేర్లుంటాయి అందులో. నీ కాగితంలో మా అమ్మ బతికున్నట్టే లేదు."

"మీ అమ్మకి మా నాన్నతో పెళ్లయిందని రుజువేముంది?"

న్యాగుథీ కోపం దిగమింగుకుంది. తనకి ఒక్క చెట్టు కూడా అక్కర్లేదంది. ఆ మూల ఎకరం అమ్మ పేర రాసేస్తే మిగతా ఐదెకరాలూ మీరే తీసుకోండి, ఇప్పుడే సంతకం పెట్టేస్తానంది. ముతాహి ఆలోచించను కూడా లేదు. రోడ్డు పక్కన ఉన్నది అదొక్కటే, లాడ్జి కట్టేవాడికి మాటిచ్చేశాను అన్నాడు.

"పొట్టేలు భుజం కోస్తుంటే చూసిన పెద్దలు ఒక్కరైనా బతికున్నారా? ఉంటే తెచ్చుకో," అని నవ్వాడు.

మర్నాడే ఆమె అభ్యంతరం దాఖలు చేసింది. సంగతి చెబితే వారుగురు నమ్మలేదు. కాగితాల్లో ఎవడో ఏదో రాసి ఉంటాడు, ముతాహి నా మొహం చూసి ఆ మాట అనలేడు అంది. కూతురు ఎంత చెప్పినా అదే పాట. కోర్టుకి వెళ్లే రోజు కూడా దారిలో, పాపం వాడు పొద్దున్నే ఏమైనా తిన్నాడో లేదో అంటుంటే న్యాగుథీకి తల్లిని బస్సులోంచి దింపేద్దామా అన్నంత చిరాకేసింది.

ముతాహి బోనెక్కి బైబిలు పట్టుకుని ప్రమాణం చేశాడు. కోటు కొత్తది. మేజిస్ట్రేటు కళ్లద్దాల్లోంచి చూసే పెద్దావిడ, తొందరేమీ లేని మనిషి. ముందు వరసలో కూర్చున్న వారుగురుని చూపించి ఈవిడ ఎవరని అడిగింది.

"మా తోటలో ఆకు కోసే కూలిమనిషండి. మా నాన్నగారు జాలిపడి ఉండనిచ్చారు."

"మీ తండ్రి భార్య కాదా?"

"అంతకుమించి నాకామె ఎవరో తెలియదండి."

కోర్టు దుబాసీ ఆ మాటని వారుగురుకి తెలిసిన కికుయు భాషలో చెప్పాడు. వారుగురు ఇంకోసారి చెప్పమంది. అతను ఇంకోసారి చెప్పాడు. ఆవిడ తలగుడ్డ సర్దుకుని, అక్కణ్ణుంచి చివరిదాకా నేలకేసి చూస్తూ కూర్చుంది. న్యాగుథీ పక్కన ఉంది గానీ ఆ మొహంలోకి చూడటానికి ధైర్యం చాల్లేదు.

న్యాగుథీకి లాయరు లేడు. చేతిసంచీలోంచి వీడ్కోలు పుస్తకం తీసి గుమాస్తాకి ఇచ్చింది, అంతే. మేజిస్ట్రేటు దాన్ని మొదటి పేజీ నుంచి తీరిగ్గా తిప్పింది. నాలుగో పేజీ దగ్గర ఆగింది. ఇది ఎవరు వేయించారని అడిగితే కమిటీ అన్నాడు ముతాహి. కమిటీకి అధ్యక్షుడెవరంటే ముందు తమ్ముడి వైపు చూశాడు. చివరికి తనేనన్నాడు.

"అయితే మీరే చదవండి, నాలుగో పేజీ," అందావిడ.

పక్క కొండకి వినబడేలా చదివిన గొంతు ఆ రోజు రెండడుగుల దూరంలో ఉన్న టైపిస్టుకి కూడా అందలేదు. వినబడటం లేదు, మళ్లీ చెప్పండి అని ఆ అమ్మాయి రెండుసార్లు అడిగింది. ప్రియ భార్య అన్న చోట రెండుసార్లూ ముతాహికి దగ్గు వచ్చింది. అతని లాయరు ఫైల్లోకి తల దూర్చాడు. కింగోరి ఉన్నట్టుండి కోర్టు పైకప్పు మీద ఎక్కడలేని ఆసక్తి చూపించాడు. తర్వాత చీఫ్ వచ్చి, రోజుకి బోలెడు ఉత్తరాల మీద సంతకాలు పెడతాను, అన్నీ చదవడం కుదరదు అన్నాడు. అంత్యక్రియలకి వెళ్లారా అంటే వెళ్లానన్నాడు. ఎక్కడ కూర్చున్నారంటే రెండో వరసలోనని, పుస్తకం ఇచ్చారా అంటే ఇచ్చారని ఒప్పుకున్నాడు. ఏం చేశారు దాంతో అని అడిగితే విసురుకున్నానని చెప్పలేక కిందికి చూశాడు.

వాళ్లు పిచ్చివాళ్లు కారు. జనానికి చూపించేది వేరు, కోర్టుకి చూపించేది వేరు అని వాళ్ల ఏర్పాటు. జనం ముందు గొప్ప కోసం తండ్రికి భార్యని, కూతుర్ని తగిలించారు. కోర్టు ముందు భూమి కోసం పీకేశారు. ఆరు వందల ప్రతులు ఊరంతా పంచినవాళ్లకి, అందులో ఒకటి నడుచుకుంటూ కోర్టు దాకా రావచ్చన్న ఊహే తట్టలేదు. గొప్పలు పోయేవాళ్లకి మతిమరుపు ఎక్కువ.

నెల తర్వాత తీర్పు వచ్చింది. గిచూకికి రెండు ఇళ్లు. మొదటి ఇంట్లో ఇద్దరు కొడుకులు. రెండో ఇంట్లో ఒక కూతురు, బతికున్న భార్య. చట్టం తలలు లెక్కబెడుతుంది, ఆ తలల్లో విధవ తల కూడా ఒకటి. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. ఆరెకరాలు సగానికి సగం తెగ్గొట్టి, మూల ఎకరం రెండో ఇంటి సగంలోనే కలపమంది కోర్టు. ఒక్క ఎకరంతో పోయేదానికి మూడెకరాలు పోగొట్టుకున్నాడు ముతాహి. లాడ్జి కట్టేవాడు ఫోన్ తీయడం మానేశాడు. చర్చిలో ముతాహి కూర్చునే బల్ల మీద కొన్ని వారాల పాటు ఖాళీ చోటు బాగా దొరికింది.

ఆకు కోసే రోజు ఒకటి చూసుకుని అన్నదమ్ములిద్దరూ వచ్చారు. ఎండ ఇంకా ఎక్కలేదు. వారుగురు వీపున బుట్ట వేసుకుని మొక్కల మధ్య ఉంది, న్యాగుథీ సెలవు మీద వచ్చి పక్క వరసలో కోస్తోంది. ముతాహి చేతిలో లాయరు రాసిచ్చిన కాగితం ఉంది. మూల ఎకరం ఆవిడకే ఉంచి, మిగతా రెండెకరాల మీద హక్కు వదులుకున్నట్టు తల్లీకూతుళ్లు సంతకం పెడితే చాలు. న్యాగుథీ వైపు అతను చూడను కూడా లేదు. ఎవరి దగ్గర పని అవుతుందో అతనికి బాగా తెలుసు. కొత్త కోటుతోనే మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని, అమ్మా అని పిలిచాడు. నువ్వు పెంచిన బిడ్డని కదా, నాన్న కూడా నీకు ఎకరమే కదా ఇస్తానన్నాడు, ఊళ్లో తల ఎత్తుకోలేకపోతున్నాను అన్నాడు. నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

న్యాగుథీ చేతులు ఆగిపోయాయి. తను ఒప్పుకోకపోయినా అమ్మ వాటా అమ్మ ఇచ్చేస్తుంది. ఈ కన్నీళ్లకి కరిగిపోతుంది, ముందు ఏమైనా తిన్నావా నాయనా అంటుంది, పెన్ను తీసుకుంటుంది. నలభై ఏళ్లుగా జరుగుతున్నది అదే. ఆ క్షణంలో ఆమెకి అన్న మీద కంటే తల్లి మీదే ఎక్కువ కోపంగా ఉంది.

వారుగురు కోస్తున్న ఆకు బుట్టలో వేసి, తిరిగి చూసింది. ముతాహిని కాదు, కూతుర్ని.

"పిల్లా, ఎవరో పెద్దమనుషులొచ్చారు. పొలం కోసమైతే అమ్మడం లేదని చెప్పు."

"అమ్మా, నేను ముతాహిని," అన్నాడతను.

"ఆ పేరుగల పిల్లాణ్ని ఒకణ్ని పెంచాను బాబూ," అంది వారుగురు, చాలా మర్యాదగా. "నేనెవరో తనకి తెలియదని బైబిలు మీద ప్రమాణం చేసి చెప్పాడు. వాణ్ని నేను అబద్ధాలు చెప్పేవాడిలా పెంచలేదు."

అంతే, తర్వాతి మొక్క మీదికి వంగింది. ముతాహి లేచి, కాగితం మడిచి, తమ్ముడి వెనకే గట్టు దిగి వెళ్లిపోయాడు. వారుగురు వాళ్లు వెళ్లిన వైపు చూడలేదు. కోస్తూనే ఉంది గానీ కోసిన ఆకులో సగం బుట్టలో పడకుండా నేల మీద పడుతోంది. న్యాగుథీకి ఏడుపు ముంచుకొచ్చింది. తల్లి వరసలోకి వచ్చి, వెనకే వంగి నడుస్తూ, రాలిన ఆకు ఏరి తన బుట్టలో వేసుకుంది.